బిషప్ తిన్న సింహపు పంజా

మా ఊరు చాన్యార్ సెకోలో సాన్ లొరెన్సో స్వామి విగ్రహం ముందు నిలబడినప్పుడు ఎవరైనా నోరు దగ్గర పెట్టుకోవాలి. చర్చి బయట ఏం వాగినా ఫరవాలేదు. లోపల, స్వామి చెవిన పడేంత దూరంలో, "ఇది జరిగితే అది చేస్తాను" అన్నారంటే అది మొక్కు కిందే లెక్క. కోపంలో అన్నాను, నవ్వులాటకి అన్నాను అంటే కుదరదు. మొక్కు ఎగ్గొట్టిన వాళ్ల మేకలు పాలు బిగబడతాయి, పిల్లల్ని తన్ని తోసేస్తాయి, ఇంకా ఏమేమో చేస్తాయి. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంత తెలిసిన మనిషి, పుట్టింది మొదలు ఆ చర్చి గడపలోనే ఆడుకున్న మనిషి, త్రాన్సితో అనే మా నేస్తం, ఎలా నోరు జారిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ త్రాన్సితో నాకు కొమాద్రె. అంటే నా పెద్దకూతురికి జ్ఞానస్నానం చేయించిన నాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి. ఆ వరస అక్కచెల్లెళ్ల వరస కన్నా గట్టిది. అక్కతో పోట్లాడితే మాట్లాడటం మానేయొచ్చు. కొమాద్రెతో పోట్లాడుతూనే మాట్లాడాలి. మేమిద్దరం అలాగే బతికాం.

ఆమె మొగుడు అర్తేమియో గనిలో దుమ్ము పీల్చి పీల్చి చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. మేకలున్నాయి, చేతిలో పని ఉంది. ఏం పని అంటే కాగితం పూలు. మా ఎడారిలో నిజం పూలు ఎప్పుడో గానీ కనపడవు కదా. స్వామికి పెట్టాలన్నా, సమాధుల మీద దండ వేయాలన్నా, పెళ్లికూతురి తలలో తురమాలన్నా అన్నీ కాగితం పూలే, అన్నీ త్రాన్సితో చేతివే. ముడతల కాగితం కత్తిరించి, రేకు అంచుని బొటనవేలి గోరుతో ఒక్క లాగు లాగేది. అంతే, అది వంపు తిరిగి ఊపిరి పోసుకున్నట్టు ఉండేది. ఆ గోటి వంపు ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. సమాధులకి వేసే పూలని చివర్లో కరిగిన మైనంలో ముంచేది, సముద్రపు మంచుకి రంగు కారిపోకుండా. చర్చిలోకి మంచు రాదు కాబట్టి స్వామి పూలకి మైనం లేదు. ఈ మైనం సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఇక రోసామెల్. ప్రతి గురువారం నీళ్ల ట్యాంకర్ తోలుకుని వచ్చేవాడు. పెళ్లాం ఎప్పుడో పోయింది. పొడుగ్గా, వంగి, తలుపు కింద నుంచి దూరుతున్నట్టు నడిచేవాడు. మాట తక్కువ. మా పీపాలన్నీ నింపి, చివరికి త్రాన్సితో ఇంటి పీపాలు నింపేవాడు. ఎందుకు చివరికి అంటే, ఆ తరువాత పోవాల్సిన ఇల్లు ఉండదు కాబట్టి ఆమె పెట్టే మాతే ఆకుల టీ తాగుతూ కాసేపు కూర్చోవచ్చని. ఇది ఊరంతటికీ తెలుసు. త్రాన్సితోకి మాత్రం తెలియదట.

ఒక ఆగస్టులో, స్వామి పండగ నాడు, ఈ మూగ మనిషికి ఎక్కడ్నించి వచ్చిందో ధైర్యం, మెడకి టై కట్టుకుని చర్చిలోకి వచ్చాడు. త్రాన్సితో స్టూలెక్కి స్వామి పాదాల దగ్గర పూలు సర్దుతోంది. ఊరంతా అక్కడే ఉంది. నేరుగా స్టూలు దగ్గరికి పోయి, టోపీ చేత్తో పట్టుకుని అన్నాడు కదా, "దోన్యా త్రాన్సితో, మీకు అభ్యంతరం లేకపోతే నన్ను పెళ్లి చేసుకుంటారా?"

నలుగురిలో అడిగేసరికి ఆమె మొహం చేతిలో పువ్వు కన్నా ఎర్రబడింది. "నా లోయలో సింహపు పంజా పూసిన రోజున చేసుకుంటాలే, పోవయ్యా!" అనేసింది.

సింహపు పంజా అంటే పిడికెడంత ఎర్రటి పువ్వుల బంతి. రాళ్ల సందుల్లోంచి పాకుతూ వచ్చి పూస్తుంది. ఎడారి మొత్తం పూసిన ఏళ్లలో కూడా అది ఎక్కడో ఒకటి. ఆ లోయలో త్రాన్సితో వాళ్లమ్మ పెళ్లికి ముందు ఒకసారి పూసిందని చెప్పుకునేవాళ్లు. ఎన్నటికీ కాదని చెప్పడానికి అంతకన్నా మంచి మాట లేదు. మేమందరం నవ్వాం. రోసామెల్ కూడా నవ్వాడు పాపం.

నవ్వనిది ఒక్క దోన్ సెనోబియోనే. చర్చి తాళాలు ఆయన దగ్గరుంటాయి. స్వామి తరఫున మాట్లాడటం తన ఉద్యోగం అనుకుంటాడు. చెయ్యి పైకెత్తి, "స్వామి విన్నారు. మొక్కు మొక్కే" అన్నాడు.

"ఇది మొక్కేంటి దోన్ సెనోబియో! ఈయన్ని పొమ్మన్నాను, అంతే!" అని స్టూలు మీద నుంచే అరిచింది త్రాన్సితో.

"ఎక్కడ నిలబడి అన్నావమ్మా?"

ఆమె కిందకి చూసుకుంది. స్వామి కాలి బొటనవేలు ఆమె మోచేతికి తగులుతోంది.

ఆ తరువాత గురువారం నుంచి రోసామెల్ ఒక కొత్త అలవాటు మొదలుపెట్టాడు. పీపాలు నిండాక గొట్టంలో మిగిలిన నీళ్లని నడుముకి వేలాడే రేకు డబ్బాలో పట్టి, ఆమె లోయలో మేకల దొడ్డి పైనున్న రాళ్ల దగ్గరికి ఎక్కి, అక్కడ పోసి వచ్చేవాడు. ప్రతి వారం. ఒక్క మాట కూడా చెప్పకుండా.

"ఆ రాళ్లకి దాహం వేసిందా ఏంటి?" అని అరిచేది త్రాన్సితో కిటికీలోంచి.

"మిగిలినవేనండి. పారబోయడం ఎందుకని" అనేవాడు.

డబ్బా నీళ్లకి అది పూస్తుందా! చలికాలంలో ఆకాశం నుంచి పడాలి, నేల లోతుకి దిగాలి. ఆ సంగతి రోసామెల్‌కీ తెలుసు. తెలిసీ పోసేవాడు. ఆ నీళ్లకి మొలిచిందల్లా నాలుగు గడ్డి పరకలు. ఆ పరకల్ని కనిపెట్టింది బిషప్.

బిషప్ అంటే త్రాన్సితో మేకపోతు. గడ్డం చూసి ఆ పేరు పెట్టింది. ఒకసారి నిజం బిషప్ గారు మా ఊరు వచ్చినప్పుడు ఆ పూటకి వాడిని "నల్లోడా" అని పిలిచింది గానీ వాడు పలకలేదు, పైగా వచ్చి ఆయన అంగీ అంచు నమిలాడు. ప్రతి గురువారం రోసామెల్ కిందకి దిగడం, బిషప్ పైకి ఎక్కడం. ఆ రాళ్ల దగ్గర తడి ఉంటుంది, తడి ఉంటే తిండి ఉంటుంది అని వాడికి బాగా ఒంటబట్టింది.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఆ తరువాత ఒక జూలైలో, చలికాలం నడిమధ్య, వాన వచ్చింది.

మా ఇళ్లు వాన కోసం కట్టినవి కావు. నూనె డబ్బాలు సాగగొట్టి కప్పేసుకున్నాం. ఇంట్లో గిన్నెలన్నీ కిందపెట్టినా చాల్లేదు, చివరికి మేమే గొడుగుల్లా వంగి పొయ్యి కాపాడుకున్నాం. రోసామెల్ ట్యాంకర్ ఊరి బయట బురదలో దిగబడింది. నీళ్లు తెచ్చేవాడిని నీళ్లలోంచి లాగడానికి ఊరంతా తాళ్లు పట్టుకుని వెళ్లాం. అన్నిటికన్నా ఘోరం చర్చిలో జరిగింది. సరిగ్గా స్వామి నెత్తిన కప్పు కారింది. ఆయన చుట్టూ ఉన్న కాగితం పూలన్నీ తడిసి, రంగులన్నీ కారి, తెల్లారేసరికి స్వామి గడ్డం గులాబీ, అంగీ నీలం, కాళ్లు పసుపు.

"కార్నివాల్‌కి వెళ్లొచ్చినట్టున్నారు" అన్నాను నేను.

"నవ్వకండి! ఇది నీ పూల వల్లే, త్రాన్సితో!" అని సెనోబియో గోల.

"నీ కప్పు వల్ల! నా పూలు వానలో నిలబడతామని ఎవరికీ మాటివ్వలేదు" అంది ఆమె. స్వామిని ఇద్దరం కలిసి బకెట్లో సబ్బు నీళ్లతో కడిగాం. గడ్డం మాత్రం పూర్తిగా తెల్లబడలేదు, ఇప్పటికీ కాస్త గులాబీగానే ఉంది.

ఆగస్టు చివరికల్లా ఎడారి లేచింది. గువానాకో పాదం పూలు ఊదారంగు దుప్పటి పరిచినట్టు పరుచుకున్నాయి. వాటి మధ్యలో పసుపు అన్యన్యూకాలు, తెల్లటి నిట్టూర్పు పూలు. మేకలు తినలేక పడుకునేవి. పాలల్లో కూడా పూల వాసన. శాంతియాగో నుంచి కార్లు రావడం మొదలైంది. పెద్ద పెద్ద టోపీల వాళ్లు దిగి, పూల మధ్య పడుకుని ఫొటోలు తీయించుకుని, మా దగ్గర చీజు కొనుక్కుని వెళ్లేవాళ్లు.

మా ఊరివాళ్లు మాత్రం పూలని చూడటం లేదు. త్రాన్సితో వాళ్ల లోయని చూస్తున్నారు. పొద్దున లేచి మొహం కడగక ముందే ఒకసారి అటు చూపు. నీళ్లకి పోతూ ఒక చూపు. ఆమె కర్ర పట్టుకుని, "ఇక్కడ గుర్రాల పందెం ఏమైనా జరుగుతోందా?" అని తరిమేది.

అక్టోబరు మొదట్లో ఒకరోజు నేనూ ఆమే దొడ్డి పైకి ఎక్కాం, దారితప్పిన పిల్లమేకని వెతుక్కుంటూ. రోసామెల్ నీళ్లు పోసే చోటికి రెండడుగుల అవతల, రాతి సందులోంచి లావుపాటి ఆకులతో తీగ ఒకటి పాకి వచ్చి ఉంది. చివర్లో గుండ్రంగా పచ్చటి మొగ్గ, పసిపాప పిడికిలిలా.

"కొమాద్రె..." అన్నాను.

"కలుపు" అంది.

"కలుపు ఇంత బొద్దుగా ఉంటుందా?"

"బాగా తిన్న కలుపు. నోరు మూసుకుని కిందకి దిగు నోల్ఫా."

నేను నోరు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను. కానీ ఆ సాయంత్రానికే దోన్ సెనోబియో చేతికర్రతో పొడుచుకుంటూ పైకెక్కి, మోకాళ్లు పట్టుకుని వంగి చూసి, కిందకి వచ్చి చర్చి ముందు గంటలా వేలాడే రైలు పట్టా ముక్కని మోగించేశాడు. "సింహపు పంజాయే! అది విచ్చుకున్న ఆదివారం ఊరంతా వెళ్లి చూస్తాం. మొక్కు చెల్లాల్సిందే!"

మర్నాటి నుంచి త్రాన్సితో బిషప్‌ని కట్టడం మానేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే దొడ్డి తలుపు తీసి, "వెళ్లు నాయనా, పైన గాలి బాగుంటుంది" అని వాడి వీపు నిమిరి పంపేది. వాడు తినేస్తే ఆమె తప్పు ఉండదు కదా. మేకకి మొక్కు గురించి ఎవరు చెబుతారు? వాడేమో రాళ్ల దాకా పోయి, మొగ్గని ఒకసారి వాసన చూసి, పక్కకి తిరిగి పడుకునేవాడు. చర్చి పూలు తిన్నవాడు, బిషప్ గారి అంగీ తిన్నవాడు, రోజూ కాపలా కాయడానికి వస్తున్న సెనోబియో టోపీ అంచు చుట్టూ కొరికినవాడు, ఆ మొగ్గని మాత్రం ముట్టలేదు.

"వాడికి కూడా పెళ్లి చూడాలని ఉన్నట్టుంది" అన్నాను.

"నిన్ను తిన్నా బాగుండు వాడు" అంది.

మొగ్గ అంచున ఎరుపు కనపడిన వారం రోసామెల్ వచ్చాడు. పీపాలు నింపి, మాతే తాగి, గిన్నె కింద పెట్టి, చాలాసేపు టోపీ తిప్పి అన్నాడు, "చనిపోయినవాళ్ల పండగ అయ్యాక నేను ఈ రూటుకి రానండి. కొత్త కుర్రాడు వస్తాడు. కాల్దెరాలో మా చెల్లెలు రమ్మంటోంది, సముద్రపు నాచు ఏరే పని."

నేను పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె కాలుస్తున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. త్రాన్సితో చెయ్యి ఆగలేదు, పాలు కలుపుతూనే ఉంది.

"వెళ్లు మరి. సముద్రం మంచిది. ఆ కుర్రాడి గొట్టం కారుతుందా, కారదా?"

"కారదండి. కొత్త ట్యాంకర్."

"హమ్మయ్య."

అతను లేచాడు. తలుపు దగ్గర ఆగి, "దోన్యా త్రాన్సితో, ఆ పువ్వు గురించి... మీరేం బాధపడకండి. దోన్ సెనోబియోకి నేను చెబుతాను. నోరు జారిన మాట పట్టుకుని ఎవర్నైనా కట్టేసుకోవడం నాకు బాగుండదు" అన్నాడు. తరువాత ఎప్పటిలాగే డబ్బాతో పైకెక్కి, నీళ్లు పోసి, దిగి వెళ్లిపోయాడు.

ట్యాంకర్ చప్పుడు పోయేదాకా ఆమె తలుపు వైపే చూస్తోంది. నాకు ఏదో వాసన వచ్చింది. చూస్తే పాలు అడుగంటి మాడిపోయి ఉన్నాయి. పుట్టాక మొదటిసారి త్రాన్సితో పాలు మాడ్చింది.

"చూశావా," అంది చివరికి, "ఎంత మర్యాదో! మర్యాదతోనే చస్తాడు ఆ మనిషి. ఒక్కసారి గట్టిగా అడగలేడా?"

"నువ్వు ఒక్కసారి మెల్లగా ఔనని చెప్పలేవా?"

"నేనెందుకు చెబుతాను? ఇన్నేళ్లు కాదని, ఇప్పుడు ఊరందరి ముందూ ఏ మొహంతో చెబుతాను? ఆ పువ్వు చెప్పాలి." అని గిన్నె అడుగు గీకుతూ, గీకుతూ, "పువ్వు పూసింది, మొక్కు, ఏం చేస్తాను, తప్పలేదు అనొచ్చు. అప్పుడు ఎవడూ నవ్వడు" అంది.

అదీ సంగతి. ఆ సాయంత్రం ఆమె బిషప్‌ని కొత్త తాడుతో కట్టేసింది. రెండు ముళ్లు వేసింది.

వాడు కూడా ఆమె పెంపకమే కదా. పొమ్మన్నన్నాళ్లు ముట్టలేదు, కట్టేసేసరికి పోయాడు.

ఆదివారం పొద్దున పాలు పిండటానికి నేను వెళ్లేసరికి దొడ్డిలో తాడు ముక్క ఒకటి వేలాడుతోంది. త్రాన్సితో రాళ్ల దగ్గర నిలబడి ఉంది, శాలువా నేల మీద ఈడుస్తూ. రాతి మీద తీగ మిగిలింది, చివర నమిలిన కాడ. పక్కనే బిషప్, కళ్లు సగం మూసుకుని నెమరేస్తున్నాడు. గడ్డంలో ఒక్క ఎర్ర రేకు. ఆ రాత్రే విచ్చుకుని ఉండాలి. మేం చూడనే లేదు.

"పాపిష్ఠోడా! ఇన్నాళ్లూ వదిలేస్తే తినలేదు, ఇవ్వాళ కావాల్సొచ్చిందా? చీజులా కోసి అమ్మేస్తాను నిన్ను! నీకు నేనేం తక్కువ చేశాను రా!" అని వాడి గడ్డం పట్టుకుని ఊపేస్తోంది. ఊపుతూ ఊపుతూ అక్కడే రాయి మీద కూలబడి ఏడ్చింది. అర్తేమియో పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి.

నాకు నోరు ఊరుకోదు. "వీడికి ఆ గడ్డి అలవాటు చేసింది నీ రోసామెల్ కదే. తడి ఉన్న చోట తిండి ఉంటుందని వీడికి వారం వారం పాఠం చెప్పాడు" అన్నాను.

ఏడుపు ఆపి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా ఇద్దరి చిన్నతనంలో ఆ చూపు చూసిన ప్రతిసారీ మేం మా అమ్మల చేతిలో దెబ్బలు తిన్నాం.

"గంట ఎప్పుడు కొడతాడు సెనోబియో?"

"ప్రార్థన అవ్వగానే. ఎండెక్కేలోపే వస్తారు అందరూ."

"ఇంట్లోకి పద. జిగురు కాచు."

మంచం కింద నుంచి అట్టపెట్టె లాగింది. అందులో ఎర్ర కాగితం, ఇంకా మడత విప్పనిది. అది అర్తేమియో సమాధి దండ కోసం దాచింది.

"అర్తేమియోది కదే అది!"

"అర్తేమియోకి బతికున్నప్పుడే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలిసేది కాదు. ఈ ఏడు నీలం వేస్తాను. ఏమీ అనుకోడు. వైరు పట్టుకో."

నేను పిండి జిగురు కాచాను, వైరు పట్టుకున్నాను, తిట్లు తిన్నాను. ఆమె చేతులు అంత వేగంగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. రేకు కత్తిరించడం, గోటితో లాగడం, చుట్టడం, కట్టడం. ఒక్కొక్క చిన్న పువ్వూ చేసి, అన్నిటినీ కలిపి బంతిలా కట్టింది. పిడికెడంత ఎర్రటి బంతి. నిజం చెబుతున్నాను, అది చూస్తుంటే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మైనం కరగబెడదామని నేను గిన్నె తీసేలోగా రైలు పట్టా మోగింది.

"మైనం లేకపోతే ఎలా?"

"వాన ఏమైనా పడుతుందా ఇప్పుడు? నడు!"

కాడకి కట్టేసి, వైరు మీద ఆకు కప్పి, మేం పక్కకి తప్పుకుని శాలువాలు సర్దుకునేసరికి ఊరు వచ్చేసింది. ముందు సెనోబియో, కొరికిన టోపీ తిప్పి పెట్టుకుని. వెనక ఆడవాళ్లు పండగ బట్టల్లో, ఒకడి చేతిలో గిటారు. దారిలో తగులుకున్న శాంతియాగో దంపతులు కూడా ఉన్నారు, మెళ్లో కెమెరాలతో. అందరికన్నా వెనక రోసామెల్. ఆదివారం అయినా పని బట్టల్లోనే, నడుముకి డబ్బా.

ఊరంతా ఆ పువ్వు ముందు నిలబడింది.

ఆ గోటి వంపు అందరికీ తెలుసు. వాళ్లమ్మల సమాధుల మీద చూశారు, వాళ్ల పెళ్లిళ్లలో తలలో పెట్టుకున్నారు. పాలో నీళ్లో తేల్చడానికి ఎవరు మొదట నోరు తెరుస్తారా అని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఒక్క శాంతియాగో ఆవిడ మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు దగ్గర ముక్కు పెట్టి కళ్లు మూసుకుంది.

"ఏం వాసనండీ! అడవి వాసన!"

నేను కాచిన జిగురు వాసన అది. నేను దగ్గాను. నా వెనక ఇద్దరు ముగ్గురు దగ్గారు. చూస్తుండగానే దగ్గు ఊరంతా పాకింది.

సెనోబియోకి చూపు మందం. ఆయన ఒక్కడే గట్టిగా, "పూసింది! రోసామెల్, ముందుకి రావయ్యా" అన్నాడు.

రోసామెల్ వచ్చాడు. టోపీ తీశాడు. పువ్వుని చూశాడు, త్రాన్సితోని చూశాడు. ఆమె ఆకాశంలో గద్ద ఏదో ఉన్నట్టు పైకి చూస్తోంది. పాపం, ఆ మనిషికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుంటాయి. ఆయన చెయ్యి నడుముకి వెళ్లింది. డబ్బా తీసింది. దాహం వేస్తే తాగుదామని తెచ్చుకున్న నీళ్లు...

"పోయకు!" అని నేను అరిచాను.

"పోయకు! పోయకు!" అని ఊరంతా అరిచింది.

పోసేశాడు. ఎప్పటిలాగే మెల్లగా, ఒక్క చుక్క పక్కకి పోకుండా, పువ్వు నెత్తి మీద.

ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ తరువాత ఎరుపు కిందకి దిగడం మొదలైంది. కాడ మీదుగా, ఆకు మీదుగా, రాతి మీద సన్నగా పారి, శాంతియాగో ఆవిడ తెల్ల పాంటుకి అంటింది. పువ్వు మెల్లగా తల వంచి తడి గుడ్డ ముక్కలా అయిపోయింది. లోపల నుంచి వైరు బయటపడింది.

"రక్తం!" అంది శాంతియాగో ఆవిడ.

"కాగితం!" అన్నాడు సెనోబియో. స్వామి గడ్డం కడిగిన రోజు గుర్తొచ్చి ఉంటుంది. "ఇది మోసం! ఇది పువ్వు కాదు, కాగితం! మొక్కు చెల్లదు, ఎవరి మీదా ఏ బాధ్యతా లేదు. అందరూ ఇళ్లకి పదండి!"

గిటారువాడు గిటారుని వీపుకి తగిలించుకున్నాడు. రోసామెల్ డబ్బా పట్టుకుని, తన చేత్తో తనే పాడుచేసిన దాన్ని చూస్తూ, "క్షమించండి" అని గొణిగి వెనక్కి తిరిగాడు.

అప్పుడు దిగింది త్రాన్సితో చూపు ఆకాశం నుంచి.

"ఆగండి. దోన్ సెనోబియో, ఏమన్నావు నువ్వు? కాగితం పువ్వు పువ్వు కాదా?"

"ఎలా అవుతుంది?"

"మరి ఇన్నేళ్లుగా నువ్వు స్వామికి ఏం పెడుతున్నావు?"

సెనోబియో కొరికిన టోపీ సర్దుకున్నాడు.

"నీ మోకాలు నొప్పి తగ్గితే ప్రతి పండగకీ పూలు పెడతానని మొక్కావు కదా? నా దగ్గర చేయించుకుని పెట్టావు కదా? స్వామి ఎప్పుడైనా ఇది కాగితం, నాకొద్దు అన్నారా? మోకాలు తగ్గిందా లేదా? ఈ కొండ నువ్వు ఎక్కావా, నిన్ను మోసుకొచ్చారా?"

"తగ్గింది గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. అవి పువ్వులు కాకపోతే నీ మొక్కు చెల్లలేదు. ఇక్కడున్న ఏ ఒక్కరి మొక్కూ చెల్లలేదు. మనందరం స్వామికి ఇన్నేళ్ల పూలు బాకీ. పద, ఇప్పుడే చర్చికి వెళ్లి ఆయనకి చెబుదాం!"

ఊరంతా సెనోబియో వైపు తిరిగింది. ఎవరి మొక్కులు వాళ్లు లోపల్లోపల తలుచుకుంటున్నారు, మొహాల్లో తెలుస్తోంది. తన కూతురి కాన్పుకి మొక్కిన ఒకామె అయితే, "ఒప్పుకోండి దోన్ సెనోబియో, ఒప్పుకోండి తొందరగా" అని ఆయన మోచెయ్యి లాగింది.

ఆయన మోకాలు ఒకసారి తడుముకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "స్వామి ఇంతకాలం స్వీకరించారు కాబట్టి... అది పువ్వే. మొక్కు... మొక్కే."

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. కానీ రోసామెల్ కదల్లేదు.

"దోన్యా త్రాన్సితో," అన్నాడు, "మొక్కు కోసమే అయితే నాకొద్దండి."

అబ్బ, ఎన్నేళ్లకి ఒక్క గట్టి మాట! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

త్రాన్సితో చేతులు చూసుకుంది. గోళ్లన్నీ ఎర్రగా, జిగురుతో. శాలువాకి తుడుచుకుంది, పోలేదు.

"నీకు బుర్ర ఉందా రోసామెల్?" అంది. గొంతు మాత్రం చిన్నదైపోయింది. "మొక్కు నుంచి తప్పించుకోవాలంటే మేక తినేసింది చాలదూ? తినేశాక మళ్లీ పూయించానంటే అది ఎందుకో నలుగురిలో నాచేత చెప్పించాలా? అర్తేమియో కాగితం కూడా తీసేశానయ్యా. ఉండు. ఆ నాచు ఏరే పనికి ఇంకెవరినైనా చూసుకోమను మీ చెల్లెల్ని."

రోసామెల్ టోపీ పెట్టుకోబోయి, పెట్టుకోకుండా, మళ్లీ తీసి, "కొత్త ట్యాంకర్ కుర్రాడికి చెప్పాలండి మరి" అన్నాడు. అంతకన్నా ప్రేమగా మాట్లాడటం ఆయనకి రాదు. గిటారు మళ్లీ ముందుకి వచ్చింది. ఆ సందట్లో బిషప్ మెల్లగా వచ్చి తడి కాగితం, పిండి జిగురు, ఆకుతో సహా అంతా తినేసి, వైరు ఒక్కటి ఉమ్మేశాడు.

పెళ్లి నవంబరులో అయింది. చుట్టూ ఎడారిలో ఇంకా కాసిన్ని నిజం పూలు మిగిలే ఉన్నాయి. అయినా త్రాన్సితో తలలో కాగితం పూలే పెట్టుకుంది. ఈసారి మైనంలో రెండుసార్లు ముంచింది. "ఈ మనిషి చేతిలో డబ్బా ఉన్నన్నాళ్లూ నాకు భయమే" అంది.

పెళ్లయిన వారానికి నేను మేకలకి పోతూ చూశాను. అదే రాయికి అవతలి వైపు, తీగకి ఇంకో కొమ్మ పాకి వచ్చి, దాని చివర సింహపు పంజా పూసి ఉంది. నిజంది. పెద్దది. పరుగెత్తుకుంటూ వెళ్లి ఇద్దర్నీ లాక్కొచ్చాను. రోసామెల్ చాలాసేపు చూసి, అటూ ఇటూ చూసి, తన టోపీ తీసి దాని మీద బోర్లించాడు.

"దోన్ సెనోబియోకి చెప్పకండి నోల్ఫా గారూ," అన్నాడు. "మళ్లీ పెళ్లి చేసుకోమంటాడు. ఆ టై నాకు గొంతు పట్టేస్తుంది."

"టోపీ తియ్యవయ్యా, ఊపిరాడదు దానికి," అంది త్రాన్సితో. "నోల్ఫా, నువ్వెళ్లి బిషప్‌ని కట్టెయ్యి. మూడు ముళ్లు వెయ్యి."